అలర్డైస్ గారి బురదా, నా వ్రతమూ

సోమవారం, పొద్దున్న
ఈ వారమంతా మా ఆర్కెస్ట్రాని నడిపే కండక్టర్ మీద ఒక్క ఎగతాళి మాట అనను. ఒట్టు! రెండో బసూన్, అంటే ఆ బారెడు బొంగురు సన్నాయి, వాయించే ఉద్యోగానికి నన్ను పరీక్షిస్తున్న ఆఖరి వారమిది. మేనేజర్ హిల్డా మొహమ్మీదే చెప్పేసింది: "వాయింపుకి వంక పెట్టేదేం లేదు బ్రయొనీ. నీ నోటితోనే వచ్చింది చావంతా."

ఈ వారం కండక్టర్‌గా వస్తున్నది క్రిస్పిన్ అలర్డైస్. ఆయనే రాశాడు, ఆయనే పుల్ల పట్టి నడిపిస్తాడు. రచన పేరు 'బురద మీద వెలుగు'. బాగుంది. నిజంగానే బాగుంది!

సోమవారం, సాయంత్రం
టీ విరామం దాకా ఒక్క స్వరం వాయించలేదు. ఎసెక్స్ తీరంలో ఆటుపోట్ల గురించి ఉపన్యాసం. శ్రద్ధగా తల ఊపాను. మెడ నొప్పి. వ్రతం నిక్షేపంగా ఉంది!

మంగళవారం
"బసూన్లూ, ఇక్కడ వాయించకండి. పేరుకోండి, ఒండ్రులాగా," అన్నాడు. పేరుకున్నాను.

టీ తాగొచ్చేసరికి మా కాగితాల మీద కొత్త ముక్కలు అతికించి ఉన్నాయి. అందరం కలిసి ఆఖరి స్వరం కొట్టే చోటికి ముందు, అయిదు దెబ్బల తాళాన్ని నాలుగుకి కుదించాడు. కలలో తోచిందట! మనసులో ఒక మాట అనుకున్నాను. మనసులోది లెక్కలోకి రాదు.

బుధవారం
నాలుగుకి మార్చిన మనిషి చెయ్యి పాత అయిదే కొడుతోంది. కళ్లు మూసుకుని మరీ! మేం కాగితం ప్రకారం ముగిస్తే, "ఎవరక్కడ పరిగెడుతున్నది?" అని ట్రంపెట్ల మీద విరుచుకుపడ్డాడు.

పక్కన కూర్చునే మొదటి బసూన్ డెస్మండ్‌తో మాత్రమే అన్నాను. పక్కవాడితో అంటే ఎగతాళి కాదు, సమాచారం. టీ వరసలోనూ కాస్త సమాచారం ఇచ్చాను. బిస్కెట్ పట్టుకుని ఆయన చేతులూపే తీరు చేసి చూపించింది కూడా నేనే.

గురువారం
అయిపోయింది. అంతా అయిపోయింది.

మళ్లీ అక్కడే ఆపాడు. "బసూన్లూ! లెక్కపెట్టడం కూడా నేర్పాలా?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "మీరు తీసేసిన దెబ్బని మీరే కొడుతున్నారు సార్. రాసినాయన్ని ఓసారి అడిగి రండి, ఏమంటాడో!"

ఆ వెంటనే నేలకి బూట్లు రాస్తున్న చప్పుడు. వాద్యాలు చేతిలో ఉన్నప్పుడు మేం చప్పట్లు కొట్టుకునే పద్ధతి అది. ఆర్కెస్ట్రా మొత్తం! ఆయన మొహం కందగడ్డ అయింది. హాలు చివర చేతులు కట్టుకుని హిల్డా.

"భలే అన్నావమ్మాయ్," అన్నాడు డెస్మండ్. "ఉద్యోగం మాత్రం గోవిందా."

ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ కుర్చీ నాకు కావాలి. ఎంత కావాలో ఇవాళే తెలిసింది.

శుక్రవారం, కచేరీకి ముందు
మళ్లీ ఒట్టు. ఆయన చేతిలో పుల్ల మీంచి చూపు కదల్చను. ఆయన ఏం కొడితే అదే వేదం.

శుక్రవారం, కచేరీ అయ్యాక
అయిదు కొట్టాడు!

ఆయన్ని ఎవడూ చూడలేదు. ఇలాంటప్పుడు మొదటి వయొలిన్ ఆవిడ కమాను చూసి ముగించడం అందరికీ అలవాటే. నాకూ అలవాటే. ఇవాళ్టి భక్తే కొంప ముంచింది. అందరూ కాగితంలో ఉన్న నాలుగు ప్రకారం ఆఖరి స్వరం కొట్టి ఆగిపోయారు. నిండు హాలు, చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. అప్పుడు, ఒక దెబ్బ ఆలస్యంగా, ఒంటరిగా నా బసూన్. గేదె అరిచినట్టు!

ఆయన కళ్లు తెరిచి నన్నే చూశాడు.

శనివారం
హిల్డా ఫోన్. ఉద్యోగం నాదే!

"గురువారం సంగతో?" అన్నాను.

"రాత్రి ఆయన కళ్లు తెరిచేసరికి నువ్వొక్కదానివే కళ్లార్పకుండా ఆయన్నే చూస్తున్నావటగా. పశ్చాత్తాపం అనుకుని మురిసిపోయాడు. నిన్నే తీసుకోవాలని ఒకటే పట్టు."

ఆ గేదె అరుపు కూడా తెగ నచ్చిందట. రచనలో చేర్చేశాడు. ఇకనుంచి ప్రతిసారీ అందరూ ఆగాక అది నేనొక్కదాన్నే వాయించాలి. పైగా ఆయన్ని మూడేళ్లపాటు మా ఆస్థాన స్వరకర్తగా నియమించారు. మూడేళ్లు!

డెస్మండ్ సందేశం పంపాడు: "అభినందనలు. ఎవరో పశువుని తోలుకొచ్చారనుకున్నాను, నువ్వా!"

సోమవారం నుంచి ఆయన మీద ఒక్క మాట అనను. ఒట్టు! చేతిలో ఉన్నది ఈ రెండ్రోజులే, అనాల్సింది బోలెడుంది. ముందు డెస్మండ్‌కి ఫోన్ చెయ్యాలి.