బొటనవేలు పట్టేంత గుంట

డగ్లస్, మంగళవారం

అమ్మకి,

నేను బాగానే ఉన్నాను. పిల్లి కూడా బతికే ఉంది, కంగారు పడకు.

తోక ఉండాల్సిన చోట బొటనవేలు పెట్టి, "గుంట ఎంత లోతుందో చూడవే, తోక మొదలే లేదు, అసలు సిసలు మాంక్స్ పిల్లి!" అని మురిసిపోతూ ఇచ్చావు కదా. ఆ కిర్రీ పడుకున్న చోటే ఒకటీ రెండూ కానిస్తోంది. పాపం, దానికి తెలియనే తెలియదు. పశువుల డాక్టరూ అక్కడే వేలు పెట్టి, "వెన్నెముక ఇక్కడితో ఆగిపోయిందమ్మా, ఆపుకునే నరాలు లేవు. రెండు తోకలేనివాటిని కలిపితే ఇలాంటివి పుడతాయి. దీని తల్లీ తండ్రీ ఇద్దరూ తోకలేనివేనా?" అన్నాడు. సిగ్గుపడుతూ తలూపాను. సూది వేసి పంపించెయ్యమంటారా అని కూడా అడిగాడు. గబగబా ఎత్తుకుని వచ్చేశాను. ఇప్పుడు మూడు పూటలా పొట్ట నొక్కి ఉచ్చ పోయించి, గోరువెచ్చటి నీళ్ళతో వెనక కడిగి తుడుస్తున్నాను. నా చేతులు నాని పగిలిపోయాయి.

నీ మోకాలు ఎలా ఉంది? పాత తువ్వాళ్ళుంటే పంపు. దొడ్లోకొచ్చే ఆ తోకున్న గండుపిల్లిని ఇక చీపురు తిరగేసి తరమకు. దానికి రోజూ పాలు పొయ్యి.

ఇల్లియమ్ మామయ్యని అడిగానని చెప్పు. కిర్రీ నా ఒళ్ళోనే నిద్రపోతోంది. కార్డు మూల మీద మరక చూసి టీ అనుకోకు.

నీ ఈలిష్