కాఫీ తోటలో చెరిపేసిన ఫొటో

ఏప్రిల్ మొదటి బుధవారం, అరకు

ఈ ట్రిప్పు మొత్తానికి ఇదే మంచి ఫొటో అనుకున్నదాన్ని ఈ రోజు నా చేత్తోనే చెరిపేశాను.

పొద్దున్న ఆయనా, నేనూ, మా అమ్మాయి సాహితీ హుకుంపేట దగ్గర ఒక కాఫీ తోటకి వెళ్లాం. మొన్నటి వానకి చెట్లన్నీ తెల్లగా పూసి ఉన్నాయి. ఆ పూల మధ్య ఒక ముసలావిడ మిరియాల తీగ సరిచేస్తూ కనిపించగానే కెమెరా ఎత్తేశాను. క్లిక్ విని ఆవిడ తిరిగింది.

"అడక్కుండా తీసీసినావేటమ్మా?"

"ఎంత బాగా వచ్చారో చూడండి" అని స్క్రీను చూపించాను.

"బాగుంటే బాగుంది. సెరిపీ. పూలని తీసుకో, అవేటీ అనవు."

పదేళ్ల సాహితి నన్నే చూస్తోంది. చెరిపేశాను. మధ్యాహ్నం దాకా పూలనే తీశాను, చాలా బాగా వచ్చాయి. నా చెయ్యి మీద నాకు నమ్మకముంది, పోయినదానికి బాధ లేదు.

తిరిగొస్తుంటే కారులో సాహితి అడిగింది. "అమ్మా, మన హాల్లో పెద్ద ఫొటోలో సంతలో నవ్వుతోందే, ఆవిడని అడిగావా?"

లేదన్నాను. ఇక్కడి శుక్రవారం సంతలోనే తీసిన, నాకు బహుమతి తెచ్చిన ఫొటో అది. ఆవిడది ఏ ఊరో కూడా నాకు తెలియదు.

ఎల్లుండి శుక్రవారం సంత చూసుకుని బయల్దేరదామన్నాను, ఆయన సరే అన్నారు. ఆవిడ కనిపిస్తే మాట ఎలా మొదలుపెట్టాలో మాత్రం ఇంకా...