సీసాలో నాలుగు వేళ్ల వెలితి

అక్కకి,

నేనిక్కడ కులాసా. నువ్వూ, బావా, పిల్లదీ, షెడ్డులో మన తల్లి ఆల్చిప్పలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వేళకి తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. నిద్ర సంగతి మాత్రం అడక్కు.

"మరదలి చదువు పూర్తయ్యేలోపు సముద్రం అయిపోయేట్టుంది, కాస్త త్వరగా కానివ్వమను" అన్నాడా బావ? చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. పక్క బల్ల దగ్గర భూతద్దంలో నీటిపురుగులు లెక్కపెట్టే అమ్మాయికి చెప్పాను. ఆమె నవ్వలేదు. "మీ బావ మన మాస్టారికంటే ముందున్నాడే" అంది.

సముద్రం పులుస్తోందంటావు, నాలుక మీద వేసుకుంటే ఉప్పగానే ఉందే అని రాశావు. నిజమే, మన నాలుకకి అందదు. పొగతోపాటు మనం గాలిలోకి వదిలేదానికి పాత పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని పేరుంది. ఆ పేరు దొరికిన రోజంతా దాన్నే చప్పరిస్తూ తిరిగాను. గాలిలో ఎక్కువైన కొద్దీ అది నీళ్లలోకి దిగుతోంది. గుడ్డులోంచి వచ్చిన ఆల్చిప్ప పిల్ల మొదటిరోజే తన చిప్ప కట్టుకోవాలి కదా. ఆ నీళ్లు దానికి సున్నం అందనివ్వవు, కట్టుకున్న కాస్తనీ కరిగించేస్తాయి. రెండేళ్లుగా తొట్టెల అడుగున నువ్వు పొద్దున్నే ఎత్తిపోస్తున్న మడ్డి ఆ పిల్లలే.

పులుపు విరగడానికి తొట్టెలో సోడా పొడి కలిపితే బతుకుతాయా అన్నావు. మాస్టారిని అడిగాను. "బతుకుతాయమ్మా, తొట్టెలో ఉన్నన్నాళ్లూ. తర్వాత వాటిని ఎక్కడికి వదులుతారు?" అన్నారు. జవాబు ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తొట్టెకి సోడా వేస్తాం, సముద్రానికి ఏం వేస్తాం?

ఇంతవరకూ తిప్పి తిప్పి రాశాను. ఇక చెప్పాల్సింది చెబుతాను.

నేనడక్కుండానే నువ్వు రెండు సీసాల నీళ్లు పంపావు. ఒకటి విప్పి యంత్రంలో పెట్టి, నీళ్లు బాగుపడుతున్నాయని గంతులేస్తూ నీకు రాశాను. అప్పుడు మాస్టారు తీరం పొడుగునా నీళ్లు పరీక్షించే ఓడ మీద ఉన్నారు. తిరిగొచ్చాక విప్పని సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"ఇది నింపిందెవరు?"

"మా అక్కండి."

"జాగ్రత్త గల మనిషి. ఒలక్కుండా నాలుగు వేళ్ల వెలితి ఉంచింది."

మెచ్చుకుంటున్నారనుకుని మురిశాను. ఆయన సీసాని నా చేతిలో పెట్టారు. "దారంతా కుదుపులే కదా. నీళ్లలోని వాయువు ఈ ఖాళీలోకి తప్పించుకుంటుంది. కింద మిగిలిన నీళ్లు మంచివైపోతాయి. నీకొచ్చిన అంకె ఇలాంటి సీసాదే తల్లీ. మీ తీరానిది కాదు."

అందుకే, సీసాని నీళ్లలో ముంచి, నీళ్లలోనే మూత బిగించి ఇంకోటి పంపమన్నాను. ఊరికేనని రాశాను. ఊరికే కాదు. నా అనుమానం అప్పుడే రాయాల్సింది. బావ మళ్లీ తొట్టెలు కడుగుతూ పాడుతున్నాడని రాశావే, ఆ పాట ఆపడానికి చెయ్యి రాలేదు.

కొత్త సీసా వచ్చింది. నేను మూడుసార్లు చూశాను, మాస్టారూ చూశారు. పిల్లలు చావడం మొదలైన నాటికంటే నీళ్లు ఇంకా చెడ్డాయి. మన తీరం ఒక్కటే కాదు, ఆయన ఓడ తిరిగిన దారంతా అంతే.

వచ్చే పెద్ద పోటుకి మిగిలిన తల్లులన్నిటినీ కోసి గుడ్లు తీస్తామన్నావు. నా అంకెని నమ్మే కదా. వద్దక్కా, కత్తి పెట్టకండి. అమ్మ ఏరి ఏరి నిలిపిన జాతి అది. కొయ్యకపోతే మాత్రం ఏమవుతాయి అంటావు. ముసలివై పోతాయి. కోస్తే వాటితోపాటు పిల్లలూ ఈ నెలలోనే పోతాయి. ఇంతకంటే మంచి మాట కోసం చాలా వెతికాను. ఇన్ని మాటలు పోగేసుకుంటున్నానే, ఒక్కటీ అక్కరకి రాలేదు.

బావకి నువ్వే చెప్పు. నావల్ల కాదు.

ఆ విప్పని సీసా నా గది కిటికీలో ఉంది. పారబొయ్యమన్నారు, పొయ్యలేదు. అందులో మన సముద్రం ఇంకా బాగానే ఉంది.

ఇట్లు,
నీ వెనక పుట్టిన
చెల్లెలు