అమ్మ తద్దినం నాటి నీ భోజనం

దిల్‌సుఖ్‌నగర్,
జనవరి 2010

చెల్లాయి ప్రసూనకు,

యేసును విశ్వసించని అమ్మకు రక్షణ లేదని మీ సంఘంలో ఎవరో అన్నారని రాశావు. కళాశాలలో మతాల గురించి బోధించే అన్నయ్యను కనుక నిజం చెప్పమన్నావు.

మీ మార్గంలో రక్షణకు విశ్వాసమే ఆధారం. ఇస్లాంలో విశ్వాసానికి సత్కర్మలు తోడు కావాలి, ఆపైన అల్లాహ్ కరుణ. అమ్మ నమ్మిన శరణాగతిలో, పిల్లి తన కూనను నోట కరచుకుని పోయినట్లు దేవుడే మనిషిని మోసుకుపోతాడు. కూన పెనుగులాడకుండా ఉంటే చాలు. అమ్మను ఆయన ఎక్కడికి చేర్చాడో చెప్పే అధికారం నా చదువుకు లేదు. మీ సంఘంవారికి ఉందనీ అనుకోను.

అయితే నేను చేయగలిగినది ఒకటి ఉంది. బాప్తిస్మం పొందాక, దేవతలకూ పితరులకూ పెట్టినది తినకూడదని నువ్వు తద్దినానికి రావడం మానేశావు. ఈసారి బ్రాహ్మణులకు వడ్డించకముందే నీకు పెడతానన్నాను. అది ఆచారం కాదని పురోహితులవారు కోప్పడ్డారు. మా ఇంటి యజమానురాలు సాయమ్మగారు గుమ్మంలో నిలబడి విన్నారు.

"బంద్‌ల నడుమ మీ ఆంధ్రోళ్లకు గీ వంట పంచాయితీ ఏంది సారూ? బిడ్డ ఉపాసముంటె తల్లికి ముద్ద దిగుతదా?"

పురోహితులవారు నవ్వాపుకోలేక సరేనన్నారు.

గురువారం బస్సులు నడిస్తే విజయవాడ నుంచి బయలుదేరు. ఎల్‌బీ నగర్‌లో నీకోసం నిలబడతాను. మర్నాడు ముందు నువ్వు తింటావు. ఆ తరువాతే అమ్మను పిలుస్తాను.

నీ అన్నయ్య