లియో దురదకు మూడు డబ్బాలు

ఇబ్రహీంపట్నం

అక్క రాజవ్వకు నీ చెల్లెలు స్వరూప దండం పెట్టి రాసేది. నేను, మీ మరిది బాగున్నాం. బావ నడుము నొప్పి తగ్గిందా? మేకలు ఎన్ని ఈనాయి? అన్నీ వివరంగా రాయి. నా గురించి దిగులు పడకు, రెండు పూటలా తింటున్నాను.

ఇక్కడ చుట్టూ బండలు, పొద్దుగూకినా వేడి పోదు. మీ మరిది పొద్దున్నే మహేశ్వరం వైపు మేస్త్రీ పనికి వెళ్తాడు. పలకరించే మనిషి లేక మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు కుక్కలతో మాట్లాడుతున్నాను, నవ్వకు. పట్నం వాళ్లు ఊళ్లకు పోతూ కుక్కలను వదిలిపోయే చోట నా పని అని చెప్పాను కదా. మొన్న ఫోన్లో లియో సంగతి మొదలుపెడితే లైను తెగిపోయింది, అందుకే రాస్తున్నాను.

లియో గోధుమరంగు పెద్ద కుక్క. కంప్యూటరు ఉద్యోగం చేసే మేడం రెండు నెలలు విదేశం పోతూ వదిలింది. దానికి ఏదో ఒంటికి పడక ఒకటే దురద. పొట్టంతా ఎరుపు, చెవులు గోక్కుని రక్తం. మేడం మూడు డబ్బాలు ఇచ్చింది: చేప నూనె, ఒక పొడి, నమిలే బిళ్ళలు. చర్మానికి బలమట, ఒక్క పూట కూడా తప్పొద్దంది. తప్పకుండా వేశాను. దురద తగ్గలేదు.

హయత్‌నగర్ నుంచి వారానికోసారి వచ్చే డాక్టరమ్మ చూసి, పేలూ గోమార్లూ లేవు, తిండే పడటం లేదేమో అంది. మేడంకు ఫోన్ చేసి, కోడి మాన్పించి మేక మాంసం, అన్నమే పెట్టమంది. మూడు వారాలు పెట్టినా గోకుడు ఆగలేదు. ఈ స్థలం యజమాని యాదగిరన్న, నేనే చాటుగా కోడి ముక్కలు వేస్తున్నానేమోనన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు అక్కా.

మర్నాడు బిళ్ళల డబ్బా మూత తీయగానే లియో అవతలి గదిలోంచి ఉరికొచ్చింది. మందు కోసం ఎవరైనా అలా వస్తారా? వాసన చూస్తే కాల్చిన కోడి వాసన. కొరికి కూడా చూశాను, బావకు చెప్పకు. నా పదో తరగతి ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివితే డబ్బా మీద కోడి కాలేయమని ఉంది. యాదగిరన్నకు చూపించాను.

"మేడం ఇయ్యమన్నది ఆపితే రేపు నీ మీదికే వస్తది, స్వరూపా."

"రానియ్ అన్నా. నువ్వు నా మీద పెట్టిన కోడి గీ డబ్బల ఉన్నది. డాక్టరమ్మకు ఫోన్ చెయ్."

పొడిలోనూ కోడి ఉండొచ్చని డాక్టరమ్మ బిళ్ళలు, పొడి రెండూ ఆపించి నూనె ఉంచమంది. నెల తిరిగేసరికి ఎరుపు పోయి పొట్ట మీద వెంట్రుకలు మొలిచాయి. ఆమె చెప్పినట్టే ఒకరోజు చిన్న కోడి ముక్క పెట్టి చూస్తే, రెండు రోజుల్లో మళ్లీ గోకుడు మొదలైంది, ఆపితే తగ్గింది. ఇక అనుమానం లేదు.

మేడం వచ్చి మిగిలిన డబ్బాలు చూసి కోపగించుకుంది. లియో వెల్లకిలా పడుకుంది. మేడం దాని పొట్ట నిమిరి చూసింది. తర్వాత నూనె కూడా దండగేనా అని నన్నే అడిగింది. డాక్టరమ్మ చెప్పిందే చెప్పాను. నూనెతో కొన్ని కుక్కలకు చర్మం కాస్త నయమవుతుంది, కొన్నిటికి కాదు. పడని తిండి ఆపకుండా ఎన్ని డబ్బాలు పోసినా లాభం లేదు.

ఎవరైనా ఇటు వస్తే మన పసుపు కాస్త పంపు. అత్తమ్మకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు.

యాదగిరన్న తప్పైందని అనలేదు. కానీ నిన్న కొత్త కుక్క దిగితే, దాని డబ్బాలన్నీ తెచ్చి నా ముందు పెట్టి, "జర సదివి చెప్పు, ఏది ఇయ్యాలె, ఏది వద్దు" అన్నాడు.

నీ దీవెన కోరే చెల్లెలు,
స్వరూప