మన ఇంటి ఓటు, నీ ఊపిరి

మనూ,

నీ రవీందర్ రాస్తున్న. కార్వాన్ల అందరం మంచిగున్నం, మొన్న ఈనిన బర్రెతో సహా. నువ్వు నీళ్ల పైన, నీళ్ల కింద రెండు తాన్ల మంచిగుండాలె. నీ దీవికి ఫోన్ కలుస్తలేదు. నీతోని సముద్రంల చేపల సర్వే చేసే డానియేలు అన్న ఎల్లుండి అక్కడికే బయలుదేరుతుండు, ఈ కాయితం ఆయన చేతికిస్తున్న.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. బాపు మోకాలు నయమే, పాలు తనే పోసొస్తనని జిద్దు పడుతుండు. ఛత్తాబజార్ ప్రెస్సుల మళ్ల లొల్లి పెట్టుకున్ననా అన్నవు. పెట్టుకున్న. ఒక పెండ్లి కార్డుల పిలగాని చదువు బంగారు అక్షరాల్ల, పిల్ల చదువు మామూలు సిరాల వెయ్యమన్నరు. "రెండూ ఒక్క తీర్గ వేస్త, లేకుంటె వెయ్య" అన్న. సేటు నవ్వి, "అరే ఇంక్విలాబ్, కార్డు అచ్చేస్తవా, జులూస్ తీస్తవా?" అన్నడు. ఆఖరికి రెండూ బంగారమే పడ్డయి.

నీళ్ల కింద నువ్వు ఈపుకు కట్టుకునే ఊపిరి మిషన్ సంగతి అమ్మకు సమజ్ చేసిన. విడిచిన ఊపిరి బయటికి పోదు, బుడగలు రావు, అందుకే చేపలు బెదరవు. దాని డబ్బాల నింపిన తెల్లటి గుళికలు చెడుగాలిని పీల్చుకుంటయి, ఖర్చయిన ఆక్సిజన్‌ని మిషన్ కలుపుతది అని.

"ఇడిసిన గాలే మళ్ల పీలుస్తదా? ఛీ, ఎంగిలి గాలి!" అన్నది అమ్మ.

"దాని ఎంగిలే గదనే!" అన్నడు బాపు.

ఆక్సిజన్ ఎంతున్నదో చూసే సెన్సార్లు మూడని, రెండు ఒక్క మాట మీదుంటె మిషన్ మూడోదాన్ని పక్కకు పెడతదని రాసినవు. చదివి గంతేసిన, మిషన్ల గూడ ప్రజాస్వామ్యమే అని. కింది వాక్యం చదివి మళ్ల కూసున్న. ఒక్కసారే కొన్న పాత సెన్సార్లు రెండూ కలిసి తప్పు చెప్పొచ్చు, అప్పుడు నిజం చెప్పేది ఓడిపోతది. గందుకే మీరు ఓట్లు లెక్కపెట్టరు, ఆక్సిజన్ ఎంతున్నదో ముందే తెలిసిన గాలి నింపి ఏది నిజమో చూస్తరు.

అది చదివినంక నీకొకటి చెప్పక తప్పదు.

"లోతు పరీక్షకు దిగాల్నా వద్దా, ఇంటి మాటే నా మాట" అని రాసినవు. ఇంట్ల ముగ్గురం ఓటేసి, నీకు ఫోన్ కలిసిన ఆ దినం నేనేమన్న? అమ్మ, బాపు వద్దన్నరు, నేనొక్కణ్నే దిగమన్న అని. అబద్ధం, మనూ. దిగమన్నది బాపు. "గా మిషన్ నాకు సమజ్ గాదు. పిల్ల మొకం సమజైతది. దిగనియ్" అన్నడు. వద్దని చెయ్యెత్తింది అమ్మ, నేను. ఆడోళ్ల స్వేచ్ఛ మీద ఎన్ని కరపత్రాలు చదివిన, నలుగురికి చదివి వినిపించిన! నా చెయ్యి అవన్ని మర్చిపోయింది. ఆక్సిజన్ తగ్గితె ఉక్కిరిబిక్కిరి గూడ గాదు, నిద్ర పోయినట్టే పోతరని పోయేముందు నువ్వే అన్నవు. అప్పటి నుంచి నువ్వు నిద్రపోతున్నట్టు కలొస్తుంది. లేపుత, లేవవు.

నిన్న ఇంట్ల నిజం చెప్పిన. "చేసింది మనమిద్దరం, నింద మీ బాపు మీద ఏస్తివారా?" అని అమ్మ నెత్తి మీద మొట్టింది. "మళ్ల ఓటు పెడ్దమా?" అన్న. బాపు పాల క్యాను కడుక్కుంట తలెత్తలేదు. "ఊపిరి దానిది. మనదేంది ఓటు?" అన్నడు.

గందుకే ఇంటి మాట అనేది ఇగ లేదు. ఆక్సిజన్ లెక్క చూపే నీ ముంజేతి మీది తెర చూస్కో, నీ మనసు చూస్కో. బాగలేదనిపిస్తె ఎవ్వల మెప్పు కోసం దిగకు. బాగున్నదంటె నా కోసం ఆగకు. దిగుడు నీ పని. భయపడుడు నా పని, అది మాత్రం నేను మస్తు మంచిగ చేస్త.

ఇట్లు,
నీకు అబద్ధం చెప్పి నిద్రపట్టని నీ పెనిమిటి,
రవీందర్