ఆ నీళ్లు తాగొద్దని రాసినందుకు

పర్యావరణ ఆరోగ్య నెట్‌వర్క్ కార్యాలయంలో సమాచార పంపిణీ విధానాలు చూసే అధికారి గారి సముఖమునకు, బ్యాటరీల గోడౌను వెనక వీధిలో, బోరింగుకు ఎదురింట్లో కాపురముంటున్న బోర్డుల పెయింటరు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా వీధి బోరింగు వెనక గోడ మీద "ఈ నీళ్లు తాగొద్దు. సీసం ఉంది" అని నేను రాసిన రాతకు తమరు సున్నం కొట్టించుట గురించి, మళ్లీ రాస్తే చర్య తీసుకుంటామని రెండో నోటీసు పంపుట గురించి, మళ్లీ రాయుటకు అనుమతి కోరుట గురించి.

ముప్పయ్యేళ్లుగా బోర్డులు రాసుకుని బతుకుతున్నవాడిని. కిరాణా కొట్టు నుంచి కోర్టు గుమ్మం దాకా ఈ ఊళ్లో నా చెయ్యి పడని గోడ తక్కువ. అడక్కుండా ఒకరి గోడ ముట్టుకున్న పాపాన పోలేదు. అటువంటి నన్ను తమ నోటీసులో "అనధికార సమాచార ప్రచురణకర్త" అన్నారు. పైకి చదివి వినిపిస్తే మా ఆవిడ ఏదో ఉద్యోగం ఇచ్చారనుకుని సంబరపడింది. కాదని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇక నా గోడు వరుసగా మనవి చేసుకుంటున్నాను.

1. తమ ఆఫీసు వసారా గోడ మీద సమాచార పంపిణీ నియమావళి పదకొండు నియమాలూ, దాని కింద "తరచుగా అడిగే ప్రశ్నలు" పదిహేడూ రాయమని నన్ను పురమాయించినది తమరే. నాలుగు రోజులు నిచ్చెన మీద నిలబడి రాశాను. కనుక సదరు నియమాలు తెలియక తప్పు చేశానని నేను అనబోను. తమరు వాటి కింద సంతకం పెట్టారు, నేను ఒక్కో అక్షరం దిద్దాను. ఆరో నియమం రెండుసార్లు వచ్చిందండీ అని చూపించింది కూడా నేనే. "ఉండనీవయ్యా, ముఖ్యమైనదే" అన్నారు తమరు.

2. నేల మీద రంగు చుక్కలు పడకుండా పరుచుకోమని తమ గుమాస్తాగారు ఒక కట్ట కాగితాలు ఇచ్చారు. నాలుగోరోజు మధ్యాహ్నం డబ్బా జరుపుతుంటే అడుగున మా వీధి పేరు కనబడింది. కూర్చుని చదివాను. అది మా బోరింగు నీళ్ల పరీక్ష రిపోర్టు. సీసం ఉండదగిన దానికి ఆరింతలు ఉందట. సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లింది నాలుగు నెలల కిందట, రిపోర్టు మీద తేదీ కూడా ఆ వారంలోదే. ఆ పట్టుకెళ్లిన అబ్బాయికి కుర్చీ వేసింది మా ఆవిడే. అడిగితే "ఊరికే, మామూలు పరీక్షేనండీ" అన్నాడట. ఆ కట్టలో అవే కాగితాలు నలభై దాకా ఉన్నాయి. అంటే మా వీధికి ఇంటికొకటి చొప్పున సరిపోయేవి. తమరు వాటిని పంచలేదు, పరిచారు.

రిపోర్టు చేత్తో పట్టుకుని గుమాస్తాగారి దగ్గరికి వెళ్లాను. "ఏమండీ, ఇది మాకెందుకు చెప్పలేదు?" అంటే ఆయన ముందు కంగారుపడి, తరవాత కోప్పడి, "నాలుగో నియమం చూడు. కాగితం ఏ పనికి ఇస్తే ఆ పనికే వాడాలి. నీకిచ్చింది పరుచుకోడానికి. చదవడానికి కాదు" అన్నారు. నాలుగో నియమం నా చేత్తోనే రాశాను కాబట్టి అది లేదనలేకపోయాను.

3. అయినా ఊరుకోక, "ఆ నీళ్లు తాగొచ్చా, తాగకూడదా? అదొక్కటి చెప్పండి" అని అడిగాను. "ప్రశ్నలన్నీ గోడ మీద ఉన్నాయిగా, చూసుకో" అన్నారు. చూసుకోవడానికేముంది, నా చేతుల మీదుగా వచ్చినవే. లోగోను చిన్నది చేసి వాడుకోవచ్చా? నెట్‌వర్క్ వారి బొమ్మను ఉత్తరంలో వేసుకోవచ్చా? వేసుకుంటే ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలి? చెప్పడం మరిచిపోతే ఏం చెయ్యాలి? ఇలా పదిహేడు. నీళ్లు తాగొచ్చా అన్నది అందులో లేదు.

"లేదేంటండీ?" అన్నాను.

"అది తరచుగా ఎవరూ అడగలేదు."

అక్కడే నిలబడి ఇంకో రెండుసార్లు అడిగాను. ఒకే మనిషి ఎన్నిసార్లు అడిగినా తరచు కిందకి రాదన్నారు. ఈ సంగతి కూడా గోడ మీద రాయించుకోండి, పద్దెనిమిదోదానికి చోటు వదిలాను.

4. సీసం మనిషిని ఏం చేస్తుందో నాకు రిపోర్టు చూసి తెలియలేదు. నాకు పని నేర్పిన మేస్త్రి పాతకాలపు మనిషి. సన్నగీతలు లాగేటప్పుడు కుంచె మొన నాలిక మీద తిప్పి సూదిలా చేసుకునేవాడు. ఆ రోజుల్లో రంగుల్లో సీసం ఉండేది. చివరికి ఆయన మణికట్టు వాలిపోయింది. గ్లాసు పట్టుకోలేకపోయేవాడు, నేనే పట్టించేవాణ్ణి. తాను రాసిన బోర్డు ముందు నిలబడి, "ఇది ఎవడు రాశాడురా, బాగుంది" అన్న మనిషి ఆయన. అందుకని తమరు రిపోర్టులో "పరిమితికి మించిన" అని మెత్తగా ఒక మాట రాస్తే నాకు ఆ చెయ్యి కనబడుతుంది.

5. ఆ సాయంత్రమే బోరింగు వెనక గోడ మీద, మూరెడు అక్షరాల్లో, ఎర్రరంగుతో పైన చెప్పిన మాటలు రాశాను. రెండోరోజుకల్లా తమ మొదటి నోటీసు వచ్చింది. నాలుగు నెలల్లో రాని ఆఫీసు రెండు రోజుల్లో వచ్చినందుకు వీధివారి తరఫున ధన్యవాదములు. అందులో నా నేరాలు మూడు. ఒకటి, సమాచారం ఎవరిదో పేరు వెయ్యలేదు. రెండు, లోగో వెయ్యలేదు. మూడు, మూలంలోని మాటలు మార్చాను.

మార్చిన మాట నిజం. మూలంలో ఉన్నది ఇది: "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా సదరు జలమును పానార్థము వినియోగించు విషయము పునఃపరిశీలింపదగినదిగా భావింపబడుచున్నది." నేను "తాగొద్దు" అన్నాను. బిందె చంకన పెట్టుకుని, ఇంకో చేత్తో పిల్లని పట్టుకుని వచ్చే మనిషి ఎంతసేపు చదువుతుందో లెక్కేసుకుని బోర్డు రాయడం మా వృత్తి. మూడు అంగల్లో చదవలేనిది బోర్డు కాదు.

6. అయినా పెద్దవారితో పేచీ ఎందుకని, తమరు చెప్పినట్టే చేశాను. నా రాత చెరిపి, నెట్‌వర్క్ పూర్తి పేరు, లోగో, రిపోర్టు నంబరు, కృతజ్ఞతలు, బాధ్యత మాది కాదన్న పేరా, చివరన మూలవాక్యం ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాశాను. గోడ చిన్నది. మూలవాక్యం దగ్గరికొచ్చేసరికి చోటు చాలక అక్షరాలు చీమలంత అయ్యాయి. అవి కూడా బిందె దించే దిమ్మ వెనక్కి పోయాయి. లోగో మాత్రం ఆకుపచ్చగా, నిండుగా కుదిరింది. పని విషయంలో నేను మోసం చెయ్యలేను, ఎంత తిట్టుకుంటూ చేసినా బాగానే వస్తుంది.

మర్నాడు పొద్దున ఇస్త్రీబండి అక్క వచ్చి, "తమ్ముడూ, మొన్న ఏదో తాగొద్దని రాసి భయపెట్టావు. ఇప్పుడు గవర్నమెంటు ముద్ర పడిందిగా, ఇంక పర్లేదన్నమాట" అంది. నేను నెత్తీ నోరూ కొట్టుకుని, కాదక్కా, అదే నీళ్లు, విషం అని చెప్పాను. "ఊరుకో, విషమైతే ఇంత అందంగా రాయిస్తారా?" అని కొట్టిపారేసింది. సాయంత్రానికి పక్కవీధి వాళ్లు కూడా బిందెలు పట్టుకుని వచ్చారు. ముద్ర పడిన బోరింగు ఊళ్లో ఇదొక్కటేనని. నియమాలు పాటించినందుకు నా చేత్తో నేను ఇంకో వీధికి ఆ నీళ్లు తాగించాను.

తెల్లారి అదంతా గీకేసి మళ్లీ పాత మాటలే రాశాను. అందుకే తమ మనుషులు సున్నం బకెట్‌తో వచ్చారు. గోడ ఇప్పుడు పెళ్లివారి ఇల్లులా తెల్లగా ఉంది. బోరింగు దగ్గర మళ్లీ వరస కట్టారు.

7. ఈ సంగతి రాయకూడదనుకున్నాను. మా అమ్మాయి మాతోనే ఉంటుంది. దానికి ఏడునెలల పాప. తల్లిపాలు చాలక మూడో నెల నుంచి పొడిపాలు కలుపుతున్నాం. నేను ఆ రిపోర్టు చూసేదాకా ఆ నీళ్లతోనే. మా అమ్మాయి వెర్రిది, రోజూ ఆ నీళ్లు మరిగించి, చల్లార్చి, రెండుసార్లు వడగట్టేది. మరిగిస్తే పురుగు చస్తుంది గానీ సీసం చావదని డాక్టరమ్మ మొన్న చెప్పింది. పాప రక్తం తీసుకున్నారు. ఎదుగుదల చూస్తూ ఉండాలట. ఇప్పుడే ఏమీ చెప్పలేమట.

మా అమ్మాయి ఏడవలేదు. "నాన్నా, వాళ్లకి నాలుగు నెలల కిందటే తెలుసా?" అని ఒక్కమాట అడిగింది. తెలుసమ్మా అన్నాను. "తెలిసి ఏం చేశారు?" అంది. నియమావళి రాయించారమ్మా, నేనే రాశాను అని నా నోటితో ఎలా చెప్పను? తమరు చెప్పండి. ఇది కూడా తరచుగా అడిగే ప్రశ్న కాదేమో గానీ, మా ఇంట్లో మాత్రం రోజూ అడుగుతున్నారు.

కావున తమరు దయతలచి, ఆ గోడ మీద నాలుగు మాటలు ఉండనిచ్చుటకు అనుమతి ఇప్పించవలెను. నా మాటలు నచ్చకపోతే తమ మాటలే రాయించండి, ఊరికే రాస్తాను, కాకపోతే తాగొద్దన్న మాట దూరం నుంచి కనబడాలి. లోగో ఎంత పెద్దదైనా వేస్తాను, తాగొద్దు కింద. అనుమతికి ముప్పై పనిదినాలు పడుతుందని తొమ్మిదో నియమం. ఈ ముప్పై రోజులూ మా వీధి ఏం తాగాలో అందులో లేదు. ముందు ఆ నీళ్లు మానిపించి, పిమ్మట తీరికగా ఈ అర్జీ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తమ వసారా గోడ రాసిన
బోర్డుల పెయింటరు

తా.క. అర్జీ మడిచి కవరులో పెడుతుండగా తమరే మా వీధికి వచ్చారు. సున్నం సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికట. జీపు దిగి, గోడ తడిమి, ఫొటో తీయించారు. మంచి ఎండ. పెద్దాయన చెమటలు కక్కుతున్నారని ఇస్త్రీబండి అక్క పరుగున వెళ్లి, స్టీలు గ్లాసు నిండా బోరింగు నీళ్లు తెచ్చి ఇచ్చింది. పాపం, మర్యాదకే ఇచ్చింది, మెలిక ఏమీ లేదు.

తమరు గ్లాసు అందుకున్నారు. గ్లాసులోకి చూశారు, బోరింగు వంక చూశారు. "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అని గ్లాసు ఇస్త్రీబల్ల మీద పెట్టేశారు. జీపెక్కి, సీటు కింద నుంచి సీసా తీసి గటగటా తాగారు. అక్క చూసింది. వరసలో బిందెలు పట్టుకున్న వాళ్లంతా చూశారు.

తమ జీపు మలుపు తిరిగిందో లేదో, కుంచె తీశాను. గోడ మీద ఇప్పుడున్న రాత ఇది: "ఆఫీసరు గారికి ఈ నీళ్లు ఇస్తే తాగలేదు." కింద ఇవాళ్టి తేదీ. ఇందులో తమ రిపోర్టు లేదు, నంబరు లేదు, తమ మాట ఒక్కటీ లేదు. వీధంతా కళ్లారా చూసింది. దీనికి ఎవరి అనుమతి కావాలో పదకొండు నియమాలూ, రెండో ఆరోదీ మళ్లీ గుర్తుచేసుకున్నాను. ఎక్కడా లేదు.

అక్క తన రెండు బిందెలూ కాలవలో పారబోసింది. పక్కవీధి వాళ్లు ఖాళీ బిందెలతో వెళ్లిపోయారు. బోరింగు దగ్గర ఇప్పుడు పిట్టమనిషి లేడు.

సున్నం కొట్టేవాళ్లని మళ్లీ పంపేటట్టయితే, వాళ్లు తాగే నీళ్లు వాళ్లనే తెచ్చుకోమనండి. మా వీధిలో ఇవ్వడానికి నీళ్లు లేవు.